పిన్ని సూట్‌కేసు: చక్రాలూ లెక్కేనా?

కె. కోటపాడులో మా పక్కింటి పిన్ని మొదటిసారి విమానం ఎక్కబోతోంది. బెంగళూరు నుంచి కొడుకు టికెట్టు పంపి, కింద ఒక ముక్క రాశాడు: "అమ్మా, చేతి బ్యాగు 7 కిలోలే. సైజు కూడా చూసుకో." కిలోల సంగతి ఆవిడకు తెలుసు, కిరాణా కొట్లో కాటా ఉంది. సైజు దగ్గరే చిక్కొచ్చింది. సూట్‌కేసు ఈడ్చుకుంటూ మా ఇంటికొచ్చి, "ఏటి నాయనా, చోడవరం బస్సులో బస్తా ఎక్కించినా ఎవడూ టేపు పట్టడు. దీనికెందుకు కొలతలు?" అంది.

అడగాల్సిన ప్రశ్నే. బస్సులో బస్తా నడవలో ఉన్నా నడిచిపోతుంది. విమానంలో ప్రయాణికుడి వస్తువు ఉండటానికి రెండే చోట్లు: తల మీది అర, ముందు సీటు కింది ఖాళీ. పెద్ద బ్యాగు కొలత ఆ అరకు సరిపడేది. రెండోది, అంటే భుజానికి తగిలించుకునే సంచో లాప్‌టాప్ బ్యాగో, సీటు కింద పట్టేది. ఇండిగో పెద్దదానికి 55, 35, 25 సెంటీమీటర్లు, 7 కిలోలు అంటుంది. చిన్నదానికి 3 కిలోలు. కొన్ని సంస్థలు 55, 40, 20 అంటాయి. ఎలా కూడినా మొత్తం 115 వస్తుంది, చూడండి.

పట్టడం ఒక్కటే కాదు, కదలకుండా ఉండటం కూడా ముఖ్యం. విమానం దెబ్బ తిని ఒక్కసారిగా ఆగితే, లోపలి వస్తువును ముందుకు తోసే బలం దాని బరువుకు 9 రెట్లయినా సరే ఊడిపోకుండా అరలు బిగించాలన్నది తయారీ నియమం. 7 కిలోల బ్యాగు ఆ క్షణాన 63 కిలోలతో సమానం. సిమెంటు బస్తా కన్నా ఎక్కువ! అందుకే ఒక్కో అర ఎంత బరువు మోయగలదో లోపల రాసి ఉంటుంది. సీటు కింద కూడా, ముందు కాళ్ల దగ్గర అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. ఈసారి ఎక్కితే కాలితో తడిమి చూడండి. సంచి జారిపోకుండా ఆపేది అదే. దారి ఖాళీగా ఉండటమూ అంతే ముఖ్యం. కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చే ముందు, సగం తలుపులే వాడి 90 సెకన్లలో అందరినీ బయటకు పంపగలమని నిరూపించాలి. ఆ హడావుడిలో దారికి అడ్డంగా ఒక్క పట్టీ ఉన్నా ఎవరో ఒకరు బోర్లా పడతారు. అత్యవసర ద్వారం పక్క వరుసలో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర సంచి ఉంచనివ్వనిది ఇందుకే.

ఇంకో సంగతి పిన్నికి నవ్వు తెప్పించింది. విమానం బరువు లెక్కలో మనల్ని ఎవరూ తూయరు. మన దేశంలో పెద్దవాళ్లయితే మనిషీ చేతి సామానూ కలిపి 75 కిలోలని సరాసరి వేసుకుంటారు. "అయితే నేను సన్నంగా ఉన్నాను కాబట్టి నాకు 20 కిలోలివ్వాలి" అంది. న్యాయమే గానీ, కౌంటర్‌లో ఒప్పుకోరు.

చేతికి ఒకే బ్యాగు అన్న నియమం కొత్తదేమీ కాదు. మన విమాన భద్రతా బ్యూరో 2000లోనే చెప్పింది. రెండు మూడు సంచులు తెచ్చేవాళ్లతో తనిఖీ దగ్గర వరుసలు పెరిగిపోతున్నాయని 2022 జనవరిలో మళ్లీ గట్టిగా గుర్తుచేశారు. ఆడవాళ్ల పర్సు లాంటివి ఆ లెక్కలోకి రావు. అమెరికాలో చేతి బ్యాగుల గొడవకు మూలం వేరు. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కింద సామాను గదిలో వేసే మొదటి పెట్టెకు 15 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. జనం పెట్టెలన్నీ చేతికెత్తుకున్నారు, అరలు నిండిపోయాయి. 2015లో ప్రపంచ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ, అందరికీ ఒకే కొలత 55, 35, 20 అని సూచించింది. అది మరీ చిన్నదని ప్రయాణికులు మండిపడటంతో కొద్ది రోజుల్లోనే పక్కన పెట్టేసింది. ఒకే కొలత లేకపోవడానికి సగం కారణం విమానాల తేడా, సగం కారణం డబ్బు అని నా అభిప్రాయం. 

ఇక కొలుద్దాం. టైలర్ దగ్గర టేపు తెచ్చాం. సూట్‌కేసు మీద '20 అంగుళాలు' అని చీటీ ఉంది. పెట్టె వరకూ నిజంగానే 20, అంటే 51 సెంటీమీటర్లు. కానీ నేల నుంచి, చక్రాలతో సహా, మడిచిన పిడి కొస దాకా కొలిస్తే ఇరవై రెండున్నర వచ్చింది. 57 సెంటీమీటర్లు! చక్రాలూ పిడీ బయటి జేబూ, అన్నీ లెక్కే. జేబులో తువ్వాలు కుక్కితే మందం 25 దాటుతుంది. ఖాళీ పెట్టె కాటా మీద పెడితే మూడు కిలోలు. ఇక సామాను నాలుగు కిలోలే! మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా: చక్రాల పెట్టెను 15 కిలోల చెక్-ఇన్ సామానులో వేసేయండి, చేతికి మెత్తటి జిప్పు బ్యాగు ఉంచుకోండి. గుడ్డ సర్దుకుంటుంది, ప్లాస్టిక్ సర్దుకోదు.

లోపల ఏముందో చూస్తే అసలు ఉత్తరాంధ్ర బయటపడింది. మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం దిమ్మ, ఆవకాయ, ఒక కురిడీ. హల్వా పర్వాలేదు. బెల్లం చేతి బ్యాగులో ఉంటే ఎక్స్‌రేలో దట్టమైన ముద్దలా కనబడి విప్పి చూపించమంటారు. అది బ్యాగులో పైన పెట్టండి, త్వరగా తేలుతుంది. ఆవకాయ చేతి బ్యాగులో వద్దు, కింద పెట్టెలో, మూతకు టేపు చుట్టి. కురిడీని కింద పెట్టెలో వేయనివ్వరు: ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. అది ఇంట్లోనే ఉండిపోయింది. అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట: చేతి బ్యాగులో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులను 2018 నుంచి విడిగా తనిఖీ చేస్తున్నారు. కంది పొడి, కారప్పొడి కింద సామానులోకే.

పవర్ బ్యాంకు మాత్రం దీనికి తిరగేసిన సంగతి: చేతిలోనే ఉండాలి, కిందికి వెళ్లకూడదు. అందులోని లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషుల మధ్య కనబడుతుంది, ఆర్పొచ్చు. కింద సామాను గదిలో ఎవరు చూస్తారు? 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్లు, పరిమితి 100 కాబట్టి ఇబ్బంది లేదు. ఒకసారి గేటు దగ్గర అరలు నిండాయని నా బ్యాగును కిందికి పంపారు. విమానం మెట్లు ఎక్కేశాక గుర్తొచ్చింది, పవర్ బ్యాంకూ బీపీ మాత్రలూ అందులోనే ఉన్నాయని. వెనక్కి పరిగెత్తి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి మందులు, నగలు, కాగితాలు, పవర్ బ్యాంకు, అన్నీ సీటు కింది చిన్న సంచిలోనే.

విశాఖ నుంచి సింగపూర్ వెళ్లే స్కూట్ విమానంలో రెండు సంచులకూ కలిపి 10 కిలోలు. రెండు సంస్థల టికెట్లు విడివిడిగా కొన్నవాళ్లు, రెండింటిలో చిన్న కొలతకే సర్దుకోవాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి, బయల్దేరే ముందురోజు మీ టికెట్టు మీద రాసిందే చదవండి. కొలిచేటప్పుడు టైలర్ టేపు వెనక్కి తిప్పి పట్టుకోండి, సెంటీమీటర్లు ఆ వైపే ఉంటాయి.