మా నాయన వ్యాను

తొలకరి చినుకు పడిందంటే మా వజ్రకరూరుకు చుట్టాలెక్కువవుతారు. చుట్టాలంటే మనవాళ్లనుకునేరు, వజ్రాల కోసం వచ్చేవాళ్లు. ఒక చేత గొడుగు, ఒక చేత చద్దిమూట పట్టుకుని పొద్దస్తమానం తల వంచుకు చేలల్లో నడుస్తూ వుంటారు. వానకు మన్ను కొట్టుకుపోతే రాయి తళుక్కుమంటుందని ఆశ. మా నేల అడుగున కింబర్లైటు గొట్టాలున్నవని భూగర్భ శాస్త్రజ్ఞులే తేల్చారు గనుక అది బొత్తిగా వెర్రి ఆశ అనీ అనలేం.

ఆ మధ్య అలా వచ్చినవాళ్లలో ఒక బెంగుళూరు కుర్రాడు మాత్రం నేల వైపు చూడకుండా మా షెడ్డులోకి తొంగి చూశాడు.

"సార్, అది అమ్ముతారా?" అన్నాడు.

అది అంటే మా నాయన వ్యాను. 1951 నాటి షెవ్రొలె. ఆ బళ్లను 1928 మొదలు 1954 దాకా బొంబాయిలో బిగించేవారు. మా నాయన దాన్ని 1958లో పాతదిగా కొన్నాడు. సెనక్కాయల మూటలు దాన్లో గుంతకల్లు రైలుకు చేరేవి. పండుగకు మేమంతా అందులోనే మూటల్లా చేరి అమ్మమ్మగారింటికి పోయేవాళ్లం. కిటికీలు లేని పెట్టె గదా, లోపల చీకటి. బండి కుదిపినప్పుడల్లా ఎవరి మోకాలు ఎవరి వీపున తగిలిందో తేలక దారి పొడుగునా తగవులే. ఒక పక్క తెలుగులో, ఒక పక్క కన్నడంలో నాయన అంగడి పేరు పసుప్పచ్చ అక్షరాలతో వుండేది. బళ్లారి గిరాకీ కోసం ఆ కన్నడం. 1984 తర్వాత బండి కదల్లేదు. కోళ్లు పొదగడానికి మాత్రం పనికివచ్చింది.

"దీన్నేం చేసుకుంటావు నాయనా?" అన్నాను.

"హాట్ రాడ్ చేస్తా సార్" అని జేబులోంచి ఫోను తీసి బొమ్మ చూపించాడు. మా వ్యాను వంటిదే, కాని తాగుబోతు టోపీ లాగా పైకప్పు కళ్ల మీదికి దిగివుంది. వొళ్లంతా నేలకు ఆనుతోంది. ముందు చక్రాలు చిన్నవి, వెనకవి బానల్లా పెద్దవి. పక్కలనిండా మంటలు చిత్రించారు. లక్షా ఎనభై వేలు ఇస్తానన్నాడు.

నాకు వొళ్లు మండింది. మా తమ్ముడికి మాత్రం ప్రాణం లేచివచ్చింది. పోయిన ఏడాది వేసిన రెండు బోర్లూ ఎండిపోయి కూర్చున్నాడు. "అన్నా, మూడో బోరుకు సరిపోతుంది గదా" అన్నాడు. మా ఆవిడ, "కోళ్లకు వేరే గంప కొందాంలెండి" అని తీర్పు చెప్పేసింది. నేను నెల గడువడిగాను.

ఆ నెలలో ఈ హాట్ రాడ్ సంగతేమిటో విచారించాను. పంతులుగా పనిచేసినవాణ్ణి, అలవాటు పోదు.

ఇది అమెరికాలో, కాలిఫోర్నియాలో పుట్టిన పిచ్చి. ఫోర్డు కంపెనీ మోడల్ టీ కార్లు 1927లో ఆగిపోయేనాటికి కోటిన్నర పైగా తయారయినవి. పాతబడి కారుచౌకగా దొరికేవి. చేతిలో డబ్బు లేని కుర్రాళ్లు అవి కొని, బరువు తగ్గడానికి మడ్‌గార్డులూ బానెట్టూ పీకేసి, ఇంజనుకు కొత్త బలం పెట్టి పందేలు వేసేవారు. 1932లో ఫోర్డు ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యుడికి అందే కారులో పెట్టేసరికి వాళ్లకు పండుగే అయింది. పందేలెక్కడ? ఎండిపోయిన సరస్సుల అడుగున! మురాక్ అనే చోట నీళ్లింకిపోయి గచ్చు చేసినట్లు గట్టిపడిన బయలు వుండేది. మా అనంతపురం చెరువులు చూసినవాళ్లకు వేరే వర్ణించనక్కరలేదు. ఎండిన చెరువుతో ఏదో ఒక పని జరిపించుకోవచ్చన్న ఊహ మాకు మాత్రం రాలేదు.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో ఈ సరదా మరీ పెరిగింది. 1948 జనవరిలో దీనికోసమే ఒక పత్రిక పుట్టింది, ఆ నెలలోనే లాస్ ఏంజలీస్‌లో ప్రదర్శన జరిగింది. పోనుపోను వేగం కంటె చూపుకే విలువ హెచ్చింది. కప్పును మోసే కంబాలను కొన్ని అంగుళాలు కోసి మళ్లీ అతికితే కప్పు కిందికి దిగుతుంది. రొట్టెలూ పూలూ ఇళ్లకు చేరవేసిన మూతపెట్టె వ్యాన్లు చిత్రకారులకు మరీ నచ్చినవి. కిటికీలు లేని పక్కలు నల్లబల్లల వంటివి గదా!

ఇదంతా తెలిశాకా నా మనసు కుదుటపడలేదు. నిక్షేపంలాంటి బండిని కోసిపారేయడమేమిటి? ఉన్నదున్నట్లు బాగుచేయించి తిప్పుకోరాదా? దానికీ విచారించాను. 2021 జులైలో కేంద్రప్రభుత్వం పాత బళ్లకు నిబంధనలు చేసింది. యాభై ఏళ్లు దాటి, చాసీ, బాడీ, ఇంజను మార్చకుండా వున్న బండికి ప్రత్యేకమైన నెంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తిప్పవచ్చు, రోజువారీ పనికి కూడదు. బాగానే వుంది. కాని అది సొంత వాడకపు కార్లకూ మోటారు సైకిళ్లకూ. సెనక్కాయలు మోసిన వ్యానుకు ఆ గౌరవం లేదు! ఇక కోసి మార్చిన బండి సంగతి అడగనే అక్కరలేదు. రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిచేసింది. మా వ్యాను ఎటు పోయినా రోడ్డెక్కదన్నమాట.

ఇంతలో హైదరాబాదులో మనవడి పుట్టినరోజు వచ్చింది. వాడు నన్ను బహదూర్‌పురాలో, జంతుప్రదర్శనశాల దాపున వున్న సుధా కార్ల మ్యూజియానికి లాక్కుపోయాడు. కన్యబోయిన సుధాకర్ గారు 2010లో తెరిచిన ప్రదర్శనశాల అది. వంకాయ కారు, క్రికెట్ బంతి కారు, ఆడవాళ్ల చేతిసంచి కారు, బూటు కారు! అన్నీ నడిచేవే. పాత ఇనుముతో, పాత ఇంజన్లతో చేసినవి. 2005లో ఆయన కట్టిన మూడు చక్రాల సైకిలు 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు, గిన్నిస్ పుస్తకానికెక్కింది. వంకాయ ముందు నిలబడి మనవడు విరగబడి నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. తుక్కు కొట్లో కరిగిపోవలసిన ఇనుము గదా అని తోచి, నవ్వు మధ్యలో ఆగింది.

మర్నాడు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ చూశాము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పురమాయించిన సింహాసనపు కారు. పాపం, ఆయన 1911లోనే కాలం చేశాడు. బజారు పనికి పుట్టింది కాదు, ఉత్సవాలకే. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ వారు చాసీ, ఇంజను ఇచ్చేవారు. పైన బాడీ కట్టింది బార్కర్ అనే కోచి బిల్డర్లు.

అక్కడ నాకు మా వ్యాను గుర్తుకొచ్చింది. దాని పెట్టె మాత్రం షెవ్రొలె వాళ్లు కట్టిందా? ముందు మూతి, చాసీ కంపెనీవి. వెనక పెట్టె మొదటి యజమాని బళ్లారి వడ్రంగి చేత టేకు చట్రం వేయించి, రేకు కొట్టించి కట్టించింది. నిజాముకు బార్కర్, మాకు బళ్లారి వడ్రంగి! పుట్టినప్పుడే ఒకరి ఇష్టానికి కోసి కుట్టిన చొక్కా అది. నేను కాపాడుదామని పట్టుబట్టిన 'అసలు రూపం' ఏదో నాకే తెలియకుండా పోయింది. టేకు చట్రమంటారా, చెదలు తిని సగమైంది.

ఇంటికి రాగానే కుర్రాడికి కబురు చేశాను.

"ఒక్క షరతు. ఆ మంటలూ అవీ వేసి మా నాయన అక్షరాలు చెరపకూడదు."

వాడు పకపకా నవ్వాడు. "సార్, ఆ అక్షరాల కోసమే గదా నేను బేరమాడింది! కొత్త రంగు ఎవరైనా వేస్తారు. అరవై ఏళ్లు ఎండకు వెలిసిన రంగు ఎక్కడ కొనేది?"

పల్చని వార్నీషు పూసి ఆ రేకులను అలాగే వుంచుతాడట. పాత అంగడి పేరు వున్న పెట్టెకు వాళ్లలో గిరాకీ ఎక్కువట. బండి రోడ్డెక్కదు, లారీ మీద ప్రదర్శనలకు పోయివస్తుంది. ముందే తెలిస్తే ఇంకో ఇరవై వేలు అడిగేవాణ్ణి అన్నాడు మా తమ్ముడు, వాడు వినకుండా.

క్రేను లారీ వచ్చిన రోజు సన్నగా తుంపర. వ్యానును ఎత్తుతుంటే లోపలినుంచి రెండు కోడిగుడ్లు దొర్లి పగిలినవి. తెలుగు అక్షరాల పక్క మా వైపు తిరిగివుంది. గుంతకల్లు దారి మలుపులో బండి తిరగ్గానే కన్నడం కాసేపు కనిపించింది.

నలభై ఏళ్లుగా వానెరగని షెడ్డు నేల బయటపడింది. నూనె ఇంకి నల్లబడిన మన్ను. కప్పు రేకుల సందుల్లోంచి చినుకులు పడుతున్నవి. నేను తిరిగి చూసేసరికి మా తమ్ముడి మనవరాండ్లిద్దరు అక్కడ గొంతుక్కూర్చుని, పుల్లలతో కెలుకుతూ వజ్రాలు వెతుకుతున్నారు.