పెట్టె మీద 'ఇరోక్వా' చీటీ ఉంటే నమ్మొచ్చా?

అమెరికాలో పాత వస్తువుల దుకాణాల్లో బిర్చ్ బెరడుతో చేసిన చిన్న పెట్టెలు కనిపిస్తుంటాయి. వాటిపై రంగులద్దిన ముళ్లపంది ముళ్లతో పూలు కుట్టి ఉంటాయి, అంచుల్లో స్వీట్‌గ్రాస్ అనే సువాసన గడ్డి. అలాంటి పెట్టెకు 'ఇరోక్వా' అనే చీటీ ఉంటే ముందుగా అనుమానించాల్సింది ఆ చీటీనే. ఈ పని ఎక్కువగా ఒడావా, ఒజిబ్వే, మిగ్‌మా తెగలది. వీళ్లెవరూ ఇరోక్వా కూటమివారు కారు.

ఆ కూటమిలోని మోహాక్‌ల పేరు నిలబెట్టింది బెరడు కాదు, బ్లాక్ యాష్ కలప. దుంగను గట్టిగా బాదితే ఏటేటా పెరిగిన వలయాలు పొరలుగా ఊడొస్తాయి. వాటిని సన్నగా చీల్చి, జడల్లా అల్లిన స్వీట్‌గ్రాస్‌తో కలిపి బుట్టలు చేస్తారు. అమెరికా, కెనడా సరిహద్దు మధ్యగా పోయే అక్వెసాస్నే ఇందుకు ప్రసిద్ధి. గడ్డిలోని కూమరిన్ వల్ల దశాబ్దాల తర్వాత కూడా, కాస్త తేమ తగిలితే చాలు, వాసన మళ్లీ వస్తుంది.

చట్టం సంగతంటారా? ఆదివాసులు చేయని వస్తువును వారిదని అమ్మడం అమెరికాలో 1990 చట్టం ప్రకారం నేరం. అయితే అది 1935 తర్వాత తయారైన వాటికే వర్తిస్తుంది. అంతకంటే పాత పెట్టెల విషయంలో కొనేవారి కన్నే కాపలా. పైగా చాలా వాటిపై అల్లిన మహిళ పేరు ఉండదు. పర్యాటకులకు అమ్మిన సరుకుపై సంతకం ఎవరడిగారు!

2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు అప్పటి నుంచి కోట్లాది యాష్ చెట్లను చంపింది. బ్లాక్ యాష్ కూడా దాని బారిన పడుతోంది. అక్వెసాస్నేలో ఇప్పుడు బుట్టలతో పాటు విత్తనాలనూ దాస్తున్నారు.