ఐవీఎఫ్: షరీఅత్ గీసిన గీత ఎక్కడ, సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

నికాహ్ అయ్యి ఏడాది తిరగకముందే ‘విశేషం ఏమైనా ఉందా?’ అనే ప్రశ్న మొదలవుతుంది. రెండేళ్లు దాటితే కోడలిని డాక్టర్ల చుట్టూ, దర్గాల చుట్టూ, తావీజులు కట్టేవాళ్ల చుట్టూ తిప్పుతారు. కొడుక్కి మాత్రం ఒక్క పరీక్ష కూడా చేయించరు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాడిలోని లోపం కూడా ఒక కారణమని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వీర్య పరీక్షకు సూది గుచ్చే పని లేదు, కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. రెండో నికాహ్ మాట ఎత్తే ముందు అబ్బాయి రిపోర్టు చూడటం కనీస న్యాయం.

శాంపిల్ ఇచ్చే పద్ధతి దగ్గర చాలామంది మొహమాటపడి ఆగిపోతారు. భార్యతో కలిసి గదిలో ఉండనివ్వమని అడగవచ్చు. ఇందుకోసమే తయారుచేసే, వీర్యకణాలకు హాని చేయని ప్రత్యేక కండోమ్‌లు కూడా ఉన్నాయి. ముందే అడిగితే ల్యాబ్ వాళ్లు వీలు చెబుతారు.

ఎలాంటి జాగ్రత్తలూ వాడకుండా 12 నెలలు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు. భార్య వయసు 35 దాటితే 6 నెలలకే డాక్టర్‌ను కలవాలి. ఇక్కడ ‘కలిసి’ అన్న మాట ముఖ్యం. దుబాయ్‌లోనో రియాద్‌లోనో పనిచేస్తూ ఏడాదికోసారి నెలన్నర సెలవు మీద వచ్చే భర్త విషయంలో, పెళ్లయి మూడేళ్లయినా కలిసి ఉన్నది నాలుగైదు నెలలే కావచ్చు. ఆ లెక్క చూసుకోకుండా అమ్మాయిలో లోపం ఉందనడం తప్పు.

కారణం తెలిశాక కూడా నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్లాల్సిన పని లేదు. పీసీఓఎస్ వల్ల అండం విడుదల కాకపోతే చాలామందికి మాత్రలతోనే ఫలితం ఉంటుంది. వీర్యకణాలు కొంచెం తక్కువగా ఉంటే ఐయూఐ, అంటే భర్త వీర్యాన్ని శుద్ధి చేసి భార్య గర్భాశయంలోకి పంపే పద్ధతి ప్రయత్నిస్తారు. రెండు ట్యూబులూ మూసుకుపోయినా, వీర్యకణాలు మరీ తక్కువగా ఉన్నా, మిగతావి పనిచేయకపోయినా అప్పుడు ఐవీఎఫ్. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ కూడా ఒక కారణం. ముందు దానికి మందులు వాడాలి.

ఐవీఎఫ్‌లో భార్యకు పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, స్కాన్‌లో అండాలు ఎలా పెరుగుతున్నాయో చూస్తారు. చివరి ఇంజెక్షన్ తర్వాత సుమారు 36 గంటలకు మత్తు ఇచ్చి అండాలు బయటికి తీస్తారు. ల్యాబ్‌లో భర్త వీర్యకణాలతో కలుపుతారు. కణాలు బలహీనంగా ఉంటే ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో పంపుతారు, దీన్నే ఇక్సీ అంటారు. మూడో రోజో ఐదో రోజో పిండాన్ని గర్భాశయంలో పెట్టి, దాదాపు రెండు వారాల తర్వాత రక్త పరీక్ష చేస్తారు. కడుపు బాగా ఉబ్బినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా అది ఇంజెక్షన్ల దుష్ప్రభావం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రమజాన్‌లో ఉపవాసం, మందుల టైములు ఇబ్బంది అనుకునేవాళ్లు ఈద్ తర్వాత మొదలుపెట్టవచ్చా అని డాక్టర్‌ను అడగడం మంచిది.

ఇది జాయెజేనా? 1980లోనే ఈజిప్టు అల్ అజ్హర్ నుంచి దీనిపై ఫత్వా వచ్చింది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఏడు పద్ధతులు పరిశీలించి ఐదింటిని హరామ్ అంది. రెండింటికి మాత్రం అవసరమైతే, తగిన జాగ్రత్తలతో, అనుమతి ఇచ్చింది. ఆ రెండింటిలోనూ వీర్యం భర్తదే, అండం భార్యదే, గర్భం కూడా ఆ భార్యదే. పరాయి వీర్యం, పరాయి అండం, అద్దె గర్భం కుదరవు. ఒక భార్య అండంతో తయారైన పిండాన్ని అదే భర్త రెండో భార్య గర్భంలో పెట్టడం కూడా కుదరదు. నసబ్, అంటే బిడ్డ ఎవరి సంతానమన్నది, కలగాపులగం కాకూడదన్నదే అసలు విషయం. షియా ఉలమాలో కొందరు దాత విషయంలో వేరే అభిప్రాయం ఇచ్చారు. సున్నీల్లోనూ కొందరు ముఫ్తీలు ఐవీఎఫ్ విషయంలో మరింత కఠినంగా ఉంటారు. కాబట్టి రిపోర్టులు పట్టుకుని తాము నమ్మే దారుల్ ఇఫ్తాను అడగడం మేలు.

భారత చట్టం మాత్రం ఈ గీత గీయదు. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం జంట రాతపూర్వకంగా ఒప్పుకుంటే దాత వీర్యం, దాత అండం వాడవచ్చు. అంటే ముస్లిం జంటకు అడ్డుగోడ ఏదైనా ఉందంటే అది వాళ్లు సంతకం పెట్టే కాగితమే. సాధారణంగా ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు ఉండే ఆ ఫారాన్ని ఎవరూ చదవరు. ‘మా ఇద్దరి కణాలే వాడాలి, దాతవి వద్దు’ అని అందులో రాయించి, ఒక కాపీ ఇంటికి తెచ్చుకోవాలి. శాంపిళ్ల మీద పేర్లు ఇద్దరు సిబ్బంది సరిచూస్తారా అని అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. 2025లో సికింద్రాబాద్‌లోని ఒక సెంటర్‌ను నమ్మి సరోగసీకి వెళ్లిన జంటకు, చేతిలో పెట్టిన బిడ్డ తమది కాదని డీఎన్‌ఏ పరీక్షలో తెలిసింది.

వీర్యంలో కణాలు సున్నా అని రిపోర్టు వచ్చినప్పుడే దాత మాట ఎక్కువగా వినిపిస్తుంది. అది చివరి మాట కాదు. దారి మూసుకుపోవడం వల్ల కణాలు రాకపోతే వృషణం నుంచి సన్నటి సూదితో తీసి ఇక్సీ చేస్తారు, చాలామందిలో దొరుకుతాయి. తయారీలోనే లోపం ఉన్నా, మైక్రో టెసే అనే ఆపరేషన్‌తో సుమారు సగం మందిలో దొరికే అవకాశం ఉంది. ఆండ్రాలజీ చూసే యూరాలజిస్టును కలవకుండా దాతకు తలూపకూడదు.

మిగిలిన పిండాలను, గల్ఫ్‌కు వెళ్లే భర్త వీర్యాన్ని ఫ్రీజ్ చేయించవచ్చు. చట్టప్రకారం పిండాలను 10 ఏళ్ల వరకే ఉంచుతారు. తలాక్ అయినా, భర్త మరణించినా వాటిని వాడటానికి షరీఅత్‌లో అనుమతి లేదని ఎక్కువమంది ఉలమా మాట. ఆ పరిస్థితి వస్తే ఏం చేయాలో కూడా ఫారంలోనే రాయించాలి.

ప్రైవేటులో ఒక్క ప్రయత్నానికే ఖర్చు లక్ష దాటుతుంది. ఫలితానికి గ్యారంటీ లేదు. బ్రిటన్ లెక్కల్లో 35 లోపు వయసువాళ్లలో పెట్టిన పిండాల్లో సుమారు మూడింట ఒకటే బిడ్డగా పుడుతోంది. 40 దాటాక అది దాదాపు పదింట ఒకటికి పడిపోతుంది. ‘నూటికి నూరు శాతం’ అని బోర్డు పెట్టినవాళ్లను నమ్మి నగలు తాకట్టు పెట్టొద్దు. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది, ముందు అక్కడ కనుక్కోవచ్చు. ఎక్కడికి వెళ్లినా ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అడిగి చూడాలి. చట్టం పెట్టిన వయోపరిమితి భార్యకు 50 లోపు, భర్తకు 55 లోపు.