కాంట్రాక్టర్ల కాగితాలకు గట్టి గోదాము
అమెరికా రక్షణ పనులకు కొత్త కట్టుబాట్లు - మన పిల్లలూ తెలుసుకోదగ్గ సంగతి

దొంగ వీధి గుమ్మం నుంచి రాడు. పెరటి తలుపు ఎక్కడ తీసి ఉందో చూసుకుని వస్తాడు. అమెరికా నౌకాదళానికి ఈ సంగతి 2018లో బాగా తెలిసివచ్చింది. జలాంతర్గాముల పనులు చేసే ఒక కాంట్రాక్టరు కంప్యూటర్ల నుంచి చైనా ప్రభుత్వపు దొంగలు 614 గిగాబైట్ల సమాచారం ఎత్తుకుపోయారని అధికారులు చెప్పినట్లు ఆ ఏడాది జూన్‌లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక రాసింది. పోయింది నౌకాదళం బీరువా నుంచి కాదు, కాంట్రాక్టరు ఇంటి నుంచి కావడం గమనార్హం.

విమానానికి ఒక మర చేసే చిన్న కార్ఖానాకు కూడా దాని నమూనా పటం ఇవ్వక తప్పదు. అలాంటి పటాలు వేలాది కాంట్రాక్టర్ల దగ్గర ఉంటాయి. వాటిని మామూలు ఈమెయిళ్లలో, మామూలు కంప్యూటర్లలో ఉంచుకోవడం ఇక కుదరదని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది.

క్లౌడ్ అంటే?

పేరుకు మేఘమే గాని, అది నేల మీద ఉండేదే. పెద్ద భవనంలో వేల కంప్యూటర్లు పెట్టి అద్దెకిస్తారు. మిర్చి రైతు సరుకును ఇంట్లో పెట్టుకోక కోల్డ్ స్టోరేజీలో దాచుకున్నట్లే ఇదీ. రక్షణ శాఖ సమాచారం దాచే క్లౌడ్‌కు ‘ఫెడ్‌ర్యాంప్’ అనే ప్రభుత్వ పరీక్షలో మధ్యస్థాయి గాని, దానికి సమానమైన భద్రత గాని ఉండాలి. అమెజాన్ 2011లోనే ‘గవ్‌క్లౌడ్’ పేరుతో ప్రభుత్వ పనులకు వేరే క్లౌడ్ తెరిచింది. మైక్రోసాఫ్ట్‌కు ‘జీసీసీ హై’ ఉంది.

అయితే గోదాము మారినంత మాత్రాన పని అయిపోదు. గోడ బాధ్యత గోదాము వారిది. తాళం చెవి ఎవరికి ఇవ్వాలి, ఎవరు ఎప్పుడు వచ్చి వెళ్లారు, పని మానేసినవాడి చెవి వెనక్కి తీసుకున్నారా అనేవి అద్దెదారే చూసుకోవాలి. ఇలాంటి నిబంధనలు మొత్తం 110. దొంగతనం జరిగినట్లు తెలిస్తే 72 గంటల్లో రక్షణ శాఖకు చెప్పాలి.

తప్పుడు మార్కులకు జరిమానా

ఈ 110 నిబంధనలను 2017 డిసెంబర్ 31 నాటికే అమలు చేయవలసి ఉంది. కాని ఎవరి మార్కులు వారే వేసుకునే పద్ధతి కావడంతో చిక్కు వచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని మోర్స్‌కార్ప్ అనే కంపెనీ 2021లో తనకు తాను 110కి 104 మార్కులు వేసుకుంది. మరుసటి ఏడాది బయటివారు లెక్క చూస్తే అది మైనస్ 142 అని తేలింది. ఈమెయిళ్లను కూడా తగిన భద్రత ఉందో లేదో చూసుకోకుండా వేరే సంస్థ వద్ద ఉంచింది. చివరకు 2025 మార్చిలో 46 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

అందుకే ‘సీఎమ్ఎమ్‌సీ’ అనే తనిఖీ పద్ధతి వచ్చింది. 2025 నవంబర్ 10 నుంచి దీన్ని దశలవారీగా కాంట్రాక్టులలో చేరుస్తున్నారు. ముఖ్యమైన పనులకు బయటి తనిఖీదారులు వచ్చి చూసి ధ్రువపత్రం ఇవ్వాలి.

మనకేమిటి?

మన పల్లెల నుంచి వెళ్లి అక్కడ కంప్యూటర్ పనులు చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. ఆయుధాల సాంకేతిక సమాచారాన్ని అమెరికా గడ్డ మీదే ఒక విదేశీయుడికి చూపినా, విదేశానికి ఎగుమతి చేసినట్లే అక్కడి చట్టం లెక్కిస్తుంది. దానికి ముందుగా అనుమతి కావాలి. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉంది. రక్షణ శాఖ క్లౌడ్ పనుల్లో చైనాలోని ఇంజనీర్లను వాడుతున్నారని 2025 జులైలో బయటపడగా, మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మానుకున్నట్లు ప్రకటించింది. ఆ తర్వాత పట్టు మరింత బిగిసింది.

కాబట్టి అమెరికాలో ఇలాంటి ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా చెబితే, పొలం తాకట్టు పెట్టక ముందే ఆ పనికి ఏ హోదా కావాలో అడిగి తెలుసుకోవడం ఎంతైనా అవసరం. ఈ 110 నిబంధనల పుస్తకాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ ఉచితంగానే అందరికీ అందిస్తోంది. చదివి నేర్చుకోవడానికి మాత్రం ఏ వీసా అక్కరలేదు. ఆ విద్య బ్యాంకుల్లోనూ ఆసుపత్రుల్లోనూ పనికివస్తుంది.