పసిబిడ్డలకు పోతపాలు పడకపోవుట

పాడియు పంటయు గల యిల్లు భాగ్యవంతమైనదని మన పెద్దలు చెప్పుదురు. గౌతమీతీరమునందలి మన వాడపల్లి వంటి చోట, పాలు బిడ్డకు బాధ కలిగించుననుమాట చెవికి వింతగా నుండవచ్చును. అయినను అన్నప్రాశనమునాడు పరమాన్నము నాకిన కొంతసేపటికి బిడ్డ మూతిచుట్టు దద్దురులు లేచుటయు, పోతపాలు మొదలుపెట్టిన వారములోనే విరేచనములు పట్టుకొనుటయు కొన్ని గృహములలో కనబడుచుండును. అప్పుడు ఒకరు దిష్టి యందురు. ఒకరు పళ్లు వచ్చుచున్నవందురు. మఱియొకరు ఆవుపాలు మాని గేదెపాలు పట్టుమందురు. ఈ మాటలతో కాలము గడుపుటవలన బిడ్డకు మేలు కలుగదు. కావున పాలు పడకపోవుటకు కారణములెవ్వియో, ఇంటివారు చేయవలసినదేమియో ఈ వ్యాసమున వివరింతుము.

"పాలు పడలేదు" అని మనమందరము ఒకేమాటగా చెప్పినను, అందు ముఖ్యముగా రెండు వేర్వేరు సంగతులు గలవు. ఒకటి పాలలోని మాంసకృత్తులవలన కలుగునది. రెండవది పాలలోని చక్కెరవలన కలుగునది. వీనిని వేరుపఱచి తెలిసికొననిచో చికిత్స తారుమారగును.

మొదటిదానిని ఎలర్జీ యందురు. ఈ పదమును 1906వ సంవత్సరమున వియన్నా నగరపు వైద్యుడగు ఫాన్ పిర్కే కల్పించెను. మన దేహమున రోగక్రిములతో పోరాడు కావలిబలమొకటి గలదు. కొందరు బిడ్డలలో ఆ కావలిబలము పాలలోని మాంసకృత్తులను శత్రువులని భ్రమించును. ఒకసారి వానిని గుర్తుపెట్టుకొనినపిమ్మట, మరల అవి లోనికి వచ్చినప్పుడు వానిపై దాడి చేయును. ఆ పోరాటమే మనకు దద్దురులుగను వాంతులుగను కనబడును. మొదటి చెంచాతోనే యిట్లు జరుగుటకు కారణమేమని తల్లులు మమ్ము అడుగుచుందురు. తల్లి త్రాగిన పాలలోని మాంసకృత్తుల లేశము చనుబాలగుండ బిడ్డకు చేరుట కలదు. మనము మొదటిసారియని తలంచునది బిడ్డ దేహమునకు మొదటిసారి కాకపోవచ్చును.

ఆవుపాలు దూడకొఱకు ఏర్పడినవి. దూడ మనబిడ్డకంటె మిక్కిలి వేగముగా పెరుగును. 100 మిల్లీలీటర్ల చనుబాలలో మాంసకృత్తులు సుమారు 1 గ్రాము మాత్రమే యుండగా, ఆవుపాలలో 3 గ్రాములకు పైగాను, గేదెపాలలో సుమారు 4 గ్రాములును ఉండును. బీటా లాక్టోగ్లాబ్యులిన్ అను మాంసకృత్తు ఆవుపాలలో గలదు గాని, మానవజాతి తల్లులు దానిని తయారుచేయనే చేయరు.

ఈ ఎలర్జీ రెండు రీతుల కనబడును. త్వరగా వచ్చునది కొన్ని నిమిషములు మొదలు రెండుగంటలలోపల బయలుపడును: దద్దురులు, పెదవులును కండ్లును వాచుట, వాంతి, దగ్గు, పిల్లికూతలు. ఆలస్యముగా వచ్చునది కొన్ని గంటలకో కొన్ని దినములకో తెలియును: విరేచనములు, మలములో నెత్తురు జీరలు, చర్మము ఎఱ్ఱబడి దురదపెట్టుట, బరువు పెరుగకపోవుట. రెండవరీతిలో పాలకును బాధకును గల సంబంధము సులభముగా తెలియదు. కనుకనే దిష్టితీతలతో దినములు గడచిపోవును.

ఇక పాలచక్కెర సంగతి. దీనిని జీర్ణముచేయు రసము పేగులలో తగ్గినప్పుడు కడుపుబ్బరమును నీళ్ల విరేచనములును కలుగును గాని, దద్దురులు లేవవు. మలములో నెత్తురు పడదు. పుట్టుకతోనే ఈ రసము లేని బిడ్డలు మిక్కిలి అరుదు. తీవ్రమైన విరేచనములు పట్టి తగ్గినపిమ్మట కొన్ని వారములు ఇట్లుండి, తరువాత సాధారణముగా సరియగును. పెరుగులో ఈ చక్కెర కొంత తగ్గిపోవును గనుక ఇట్టివారు పెరుగును మేలుగా సహింతురు. ఎలర్జీ గల బిడ్డకైతే పెరుగును హాని చేయును. ఈ భేదమును మరువరాదు.

వీనికి తోడు, రోగము కాకయే కలుగు కీడులును గలవు. శుభ్రముచేయని సీసాలోని క్రిములవలన విరేచనములు కలుగును. సగము నీళ్లు కలిపిన పాలవలన బిడ్డ చిక్కిపోవును. ఆవుపాలలో ఇనుము బహుస్వల్పము. అవియే ముఖ్యాహారమైన పసిబిడ్డకు నెత్తురు తగ్గును. అందుచేత ఆరుమాసములు చనుబాలే యిచ్చి, పిమ్మట మెత్తని యన్నము, పప్పు మొదలగువానితోగూడ రెండేండ్లవరకును చనుబాలు ఇయ్యవలెనని వైద్యులు బోధించుచున్నారు. 1992వ సంవత్సరపు చట్టము మన దేశమున డబ్బాపాలను గూర్చిన ప్రకటనలను నిషేధించినది కూడ బిడ్డలకు చనుబాలు దూరముకాకుండుటకే.

ఇప్పుడు కొన్ని భ్రమలను తొలగింతము. ఆవుపాలు పడనిచో గేదెపాలో మేకపాలో పట్టవచ్చుననుట సరికాదు. వీనిలోని మాంసకృత్తులు ఒకదానినొకటి పోలియుండుటచే ఎలర్జీ గల బిడ్డలలో పెక్కుమందికి అన్నియు పడవు. ఒంగోలు జాతివంటి నాటు ఆవుల పాలైనచో భయములేదనుటయు సరికాదు. వానియందును ఆ మాంసకృత్తులే గలవు. పాలను బాగుగా కాచుటవలన క్రిములు చచ్చును గాని, కేసీన్ అను ముఖ్యమైన మాంసకృత్తు వేడికి చెడదు. మన సీమలో సమృద్ధిగా దొరకు కొబ్బరిపాలు బిడ్డ పెరుగుదలకు చాలవు.

అట్లయిన చేయవలసినదేమి? బిడ్డకు ఆయాసము వచ్చినను, ముఖము వాచినను, సోలిపోయినను ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయక 108కు కబురుచేయవలెను. అప్పుడు ప్రాణము నిలుపునది ఎడ్రినలిన్ సూదిమందు. పసరులు గాని, తాయెత్తులు గాని కావు. తక్కిన లక్షణములు కనబడినప్పుడు పోతపాలు ఆపి పిల్లల వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఏమి తినిపించిన ఎంతసేపటికి ఏమి జరిగినదో కాగితముమీద వ్రాసికొనిపోయినచో వైద్యునికి గొప్ప సహాయము. ఆలస్యపురీతియని తోచినచో ఆయన రెండు మొదలు నాలుగు వారములు పాలు మాన్పించి, మరల ఇచ్చి పరీక్షింపవచ్చును. ఈ పరీక్షను ఇంటిలో స్వయముగా చేయరాదు. చనుబాలు మాత్రము మాన్పరాదు. వైద్యుడు చెప్పినచో తల్లియే కొంతకాలము పాలు, పెరుగు, నెయ్యి విడిచి, వానికి బదులు రాగులు, నువ్వులు, మునగాకు తినవలెను. చనుబాలు లేని బిడ్డలకొఱకు మాంసకృత్తులను ముక్కలుగా విడగొట్టి చేసిన ప్రత్యేకమైన పాలపొడులు గలవు. వైద్యుడు చెప్పినప్పుడే వానిని వాడవలెను.

అనవసరముగా భయపడుటయు మంచిదికాదు. బిడ్డ ఒకసారి కక్కినంతమాత్రమున జీవితకాలము పాలు నిషేధించినచో, మంచి ఆహారమును ఊరకయే పోగొట్టినవారమగుదుము. నిజమైన ఎలర్జీ గల బిడ్డలు నూటికి ఇద్దరు ముగ్గురికంటె ఎక్కువ యుండరు. వారిలోను పెక్కుమందికి బడికి వచ్చు ఈడునకు అది తొలగిపోవును.

తొలగిపోని కొద్దిమందిని గూర్చి తలిదండ్రులు మొదటి దినముననే ఉపాధ్యాయులకు తెలుపవలెను. విద్యార్థులారా! మీ తోటివాడు "నాకు పాలు పడవు" అని చెప్పినప్పుడు పరిహసింపకుడు. ఆత్రేయపురపు పూతరేకు ఎంత రుచియైనను, అందలి నెయ్యిని తలంచి, అతనిని తినుమని బలవంతపెట్టకుడు. ఇంటిలో చంటితమ్ముని ఎత్తుకొను అక్కలారా! అతని దేహముపై దద్దురులు చూచినయెడల, ముందు అతడేమి తిన్నాడో అడిగి, వెంటనే అమ్మకు తెలుపుడు. బిడ్డ నోరు విప్పి చెప్పలేడు. చూచినవారే అతనికొఱకు చెప్పవలెను.