బార్డోలీ చెరకు బండిని 1928కి పంపడమెలా? ఫొటో మాయల వెనుక లెక్కలు

గుజరాత్‌లోని సూరత్ జిల్లా బార్డోలీ పేరు వినగానే చరిత్ర పాఠం గుర్తొస్తుంది. పెంచిన భూమి శిస్తు కట్టబోమంటూ 1928లో ఇక్కడి రైతులు చేసిన సత్యాగ్రహమే వల్లభ్‌భాయ్ పటేల్‌ను ‘సర్దార్’ను చేసింది. ఇప్పుడు ఒక చిన్న ఊహ. ఈ ఊరి బడిపిల్లలు సెల్‌ఫోన్‌తో చెరకు బండి ఫొటో తీశారు. కంప్యూటర్ క్లాసులో దాన్ని 1928 నాటి ఫొటోలా మార్చాలి. ఏ బటన్ నొక్కాలో చెప్పేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ బటన్ వెనుక ఏం జరుగుతుందో చెబితే మాత్రం కాంతి, రసాయనశాస్త్రం, గణితం కలిసిన మంచి పాఠమవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, రేపు ఎవరైనా ఇలాంటి బొమ్మను అసలు ఫొటో అని నమ్మించబోతే పట్టుకునే చూపు పిల్లలకు అబ్బుతుంది.

మగ్గం గళ్లు, ఫొటో గళ్లు

నేత పని కోసం తెలంగాణ నుంచి సూరత్‌కు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చీర అంచు మీది నెమలిని గ్రాఫ్ కాగితం గళ్లలో గీయడం నేత తెలిసినవారికి కొత్త కాదు. డిజిటల్ ఫొటో కూడా అలాంటి గళ్ల కాగితమే. ఒక్కో గడిని పిక్సెల్ అంటాం. ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు 0 నుంచి 255 వరకు మూడు అంకెలు ఉంటాయి. ఈ మూడింటి కలయికతో 1,67,77,216 రంగులు వస్తాయి.

1957లో మన ప్రేక్షకులు ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనానికి ముగ్ధులయ్యారు. అదే ఏడాది అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన పసికొడుకు ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అందులో అడ్డంగా 176, నిలువుగా 176 గళ్లే ఉన్నాయి. బొమ్మ అంకెలుగా మారిందంటే దాన్ని కూడవచ్చు, గుణించవచ్చు, సగటు తీయవచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ‘ఎఫెక్ట్’ ఏదైనా చేసేది ఇదే. ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్‌తో ఏ బడిలోనైనా ఈ ప్రయోగం చేయవచ్చు.

రంగు తీసేస్తే పాతదైపోదు

మొదటి మెట్టు నలుపు-తెలుపు. మూడు అంకెల సగటు తీస్తే చాలదా? మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ కాంతివంతంగా, నీలం తక్కువ కాంతివంతంగా కనిపిస్తుంది. అందుకే చాలాకాలంగా వాడుతున్న ఒక సూత్రం ఆకుపచ్చకు సుమారు 59 శాతం, ఎరుపుకు 30, నీలానికి 11 శాతం విలువ ఇస్తుంది.

కానీ 1928 నాటి కెమెరా మన కన్నులాంటిది కాదు. అప్పట్లో విరివిగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ములకు ఎరుపు రంగు దాదాపు కనిపించదు. ఎర్రటి తలపాగా నల్లగా పడుతుంది. నీలాకాశం వెలవెలబోయి తెల్లగా వస్తుంది. కాబట్టి జింప్‌లోని ‘మోనో మిక్సర్’లో ఎరుపు విలువను సున్నా చేసి, ఆకుపచ్చ, నీలం పెంచి చూడమనండి. రంగు మామూలుగా తీసేసిన బొమ్మను పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

పాత ఫొటోల గోధుమ రంగుకూ రసాయన కారణం ఉంది. ఫొటో కాగితం మీది వెండిని వెండి సల్ఫైడ్‌గా మారిస్తే నలుపు గోధుమ రంగులోకి తిరుగుతుంది. దీన్నే సెపియా టోనింగ్ అనేవారు.

అంచుల చీకటి, వెండి రేణువులు

లెన్స్ మధ్య నుంచి అంచుకు వెళ్లేకొద్దీ వెలుగు తగ్గుతుంది. సాధారణ లెన్స్‌లో ఇది కోణపు కొసైన్ నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. 30 డిగ్రీల దగ్గర వెలుగు 56 శాతానికి పడిపోతుంది. దీన్ని తేవడానికి అంచులు నల్లగా ఉన్న ఒక పొరను ఫొటోపై పెట్టి ‘మల్టిప్లై’ ఎంచుకోవాలి. అంటే రెండు అంకెలను గుణించి 255తో భాగించడమే. కింద 200, పైన 128 ఉంటే ఫలితం సుమారు 100.

ఫిల్ము మీది గరుకుదనం వెండి రేణువులు అస్తవ్యస్తంగా పరుచుకోవడం వల్ల వస్తుంది. ‘నాయిస్’ ఫిల్టర్ ప్రతి గడికీ కొంత యాదృచ్ఛిక సంఖ్యను కలిపి దాన్ని అనుకరిస్తుంది.

రెండు బొమ్మలు అతికేదెలా

బండి వెనుక కనిపిస్తున్న మొబైల్ టవర్‌ను ఏం చేయాలి? దాని మీద మరో ఫొటోలోని ఆకాశాన్ని కప్పాలి. ఒకే నటుడు రెండు పాత్రల్లో ఎదురెదురుగా నిలబడే పాత సినిమా దృశ్యాలు గుర్తున్నాయా? లెన్స్‌లో సగం మూసి తీసేవారు, ఫిల్మును వెనక్కి తిప్పి మిగతా సగం తీసేవారు. సాఫ్ట్‌వేర్‌లోని ‘లేయర్ మాస్క్’ ఆ పనే చేస్తుంది. మాస్క్ తెల్లగా ఉన్నచోట పై పొర, నల్లగా ఉన్నచోట కింది పొర కనిపిస్తాయి. బూడిద రంగులో రెండూ కలుస్తాయి. మాస్క్ విలువ 0.3 అయితే పై పొరలో 30 శాతం, కింది పొరలో 70 శాతం. ఈ కలయికలకు పక్కా గణిత రూపం ఇచ్చినవారు థామస్ పోర్టర్, టామ్ డఫ్. ఆ పరిశోధనపత్రం 1984లో వచ్చింది.

తర్వాతి పీరియడ్: గుట్టు విప్పడం

ఇప్పుడు ఒక జట్టు చేసిన బొమ్మను మరో జట్టుకిచ్చి పరీక్షించమనండి. మూడు పరీక్షలు చాలు మొదలుపెట్టడానికి.

నీడలు: ప్రతి నీడ కొసనూ దాన్ని వేసిన వస్తువు కొసతో గీత గీసి కలపాలి. ఎండలో తీసిన ఒకే ఫొటో అయితే ఆ గీతలు పొడిగించినప్పుడు ఒకే బిందువు దగ్గర కలవాలి, లేదా సమాంతరంగా ఉండాలి.

గరుకుదనం: ఆకాశం నున్నగా, బండి గరుకుగా ఉంటే అవి రెండు వేర్వేరు ఫొటోలేమోనని అనుమానించాలి.

హిస్టోగ్రామ్: ఏ విలువ ఎన్ని పిక్సెల్స్‌లో ఉందో చూపే పటం ఇది. ప్రతి అంకెనూ రెట్టింపు చేస్తే సరిసంఖ్యలే మిగులుతాయి, పటం దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. అయితే తర్వాత నాయిస్ కలిపితే ఆ ఖాళీలు పూడిపోతాయి. అందుకే ఏ ఒక్క పరీక్షతోనో తీర్పు చెప్పకూడదని కూడా పిల్లలకు అర్థమవుతుంది.

ఇక ఆఖరి నియమం. అసలు ఫొటోను విడిగా దాచాలి. మార్చిన దాని మీద ‘ఇది తయారు చేసిన చిత్రం’ అని బొమ్మలోనే రాయాలి. ఫైల్ వివరాల్లో రాస్తే వాట్సాప్‌లో చేతులు మారేసరికి చెరిగిపోవచ్చు. ఆ మాట లేకుండా బయటికెళ్తే, పిల్లలు సరదాగా చేసిన చెరకు బండి రేపు ఎవరి ఫోన్‌లోనో బార్డోలీ సత్యాగ్రహం నాటి అరుదైన ఫొటోగా తిరగవచ్చు.