సీలేరు కాఫీకి, ఓడ కిరాయికి లింకేంటి?

"సముద్రంలో కిరాయిలు పెరిగినయ్, అందుకే ఈసారి కాఫీకి రేటు తగ్గించాం." జి.కె.వీధి మండలంలో సీలేరు లాంటి ఊళ్లలో ఎవరైనా వ్యాపారి ఈ మాట అంటే, అందులో నిజం ఎంతో ఎలా తెలుసుకోవాలి? టీవీలో కనిపించే 'ఫ్రైట్ ఇండెక్స్' పనికొచ్చేది ఇక్కడే. కాకపోతే ఏ ఇండెక్స్ చూస్తున్నామో ముందు తెలియాలి.

అందరూ చెప్పేది బాల్టిక్ డ్రై ఇండెక్స్. దాన్ని తయారుచేసే లండన్‌లోని బాల్టిక్ ఎక్స్చేంజ్ 1744 నాటి ఒక కాఫీ హౌస్ నుంచే పుట్టింది. కానీ తమాషా చూడండి, ఈ ఇండెక్స్‌లో మన కాఫీ ఉండదు! ఇనుప ఖనిజం, బొగ్గు, ధాన్యం లాంటి సరుకును మూటలు కట్టకుండా నేరుగా ఓడలో నింపుతారు కదా, ఆ ఓడల కిరాయి ఇది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి ఆస్ట్రేలియా నుంచి వచ్చే కోకింగ్ కోల్‌కి దీనితో సంబంధం ఉంది. 1985లో 1,000 పాయింట్లతో మొదలైన ఈ లెక్క 2008 మే నెలలో 11,793కి ఎగబాకింది. అదే ఏడాది డిసెంబర్‌కి 663కి కూలింది. 2016 ఫిబ్రవరిలో అయితే 290.

ఇంత ఊగిసలాట ఎందుకంటే, కొత్త ఓడ కట్టాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. చైనా ఉక్కు కొలిమిలు ఖనిజం ఎక్కువ అడిగితే ఉన్న ఓడల కోసమే పోటీ, కిరాయి ఎగిరిపోద్ది. ఆర్డర్ ఇచ్చిన ఓడలన్నీ వచ్చేసరికి గిరాకీ పడిపోతే, ఖాళీ ఓడలకి అడిగేవాడు ఉండడు.

కాఫీ వెళ్లేది కంటైనర్‌లో. దానికి షాంఘై ఇండెక్స్, డ్రూరీ ఇండెక్స్ వేరే ఉన్నయ్, వారానికోసారి వస్తయ్. 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద హూతీల దాడులు మొదలయ్యాక, కంపెనీలు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. యూరప్‌కి పది రోజులకు పైనే అదనపు ప్రయాణం. ఒక్కో ట్రిప్పుకు ఎక్కువ రోజులు పడితే, ఓడల సంఖ్య తగ్గినట్టే లెక్క. 40 అడుగుల కంటైనర్‌కి 1,400 డాలర్ల దగ్గరున్న డ్రూరీ లెక్క 2024 జూలైలో 5,900 దాటింది. అదే నెలలో బాల్టిక్ మాత్రం 2,000 చుట్టుపక్కలే ఉంది. 2023 డిసెంబర్ మొదట్లో అది 3,000 పైన ఉండేది. అంటే రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. బాల్టిక్ చూసి కంటైనర్ రేటు అంచనా వేస్తే బోల్తా పడతాం.

ఇక అసలు లెక్క. 20 అడుగుల కంటైనర్‌లో 60 కిలోల బస్తాలు 320 పడతాయి, అంటే 19,200 కిలోలు. కిరాయి వెయ్యి డాలర్లు పెరిగితే కిలోకి అయిదు సెంట్లు. డాలర్ 85 రూపాయలనుకుంటే, కిలోకి నాలుగున్నర రూపాయల లోపే! రెండు వేలు పెరిగినా తొమ్మిది రూపాయలు దాటదు. కాబట్టి కిరాయి పేరు చెప్పి కిలోకి ఇరవై, ముప్పై కోస్తే, నా మటుకు అది సముద్రం చేసిన పని కాదు. అరబికా ధరను ఎక్కువగా నడిపేది న్యూయార్క్ మార్కెట్. బ్రెజిల్‌లో మంచు పడితే ఇక్కడ రేటు కదులుద్ది.

అయితే ఆలస్యం ఖర్చు వేరే ఉంటుంది. విశాఖ నుంచి బయల్దేరిన పెట్టె చాలాసార్లు కొలంబోలో పెద్ద ఓడకు మారాలి. అక్కడ ఆగితే ఎగుమతిదారు డబ్బు ఇరుక్కుంటుంది, దాని భారం కొంత కొనుగోలు ధర మీద పడొచ్చు.

ఇంకోటి అడగాలి: అమ్మకం 'ఎఫ్.ఓ.బి.' మీదా, 'సి.ఐ.ఎఫ్.' మీదా? మొదటిదాంట్లో ఓడ కిరాయి విదేశీ కొనుగోలుదారే కడతాడు. రెండోదాంట్లో కిరాయి, బీమా రెండూ మనవైపు ఎగుమతిదారువి. ఎఫ్.ఓ.బి. అయితే, ఇప్పటికే కుదిరిన ఒప్పందంలో పెరిగిన కిరాయి మన వ్యాపారి జేబులోంచి పోదు.